హార్వీ కుషింగు: పీయూషగ్రంథి రహస్యము

మానవ దేహమునందు పరిమాణమునుబట్టి అధికారమును నిర్ణయించుటకు వీలులేదు. కపాలపు అడుగుభాగమున, ముక్కు మూలమునకు వెనుకగా, ఎముకలో తొలిచినట్లున్న చిన్న గుంటలో శనగగింజంతటి గ్రంథి యొకటి గలదు. దాని తూకము అరగ్రామునకు కొంచెము హెచ్చు. పాశ్చాత్య వైద్యులు దానిని పిట్యూటరీ యందురు. తెలుగు పాఠ్యగ్రంథములలో పీయూషగ్రంథి యని వ్యవహారము. కడుపులో రెండు మూత్రపిండముల శిరస్సులమీద టోపీలవలె మఱి రెండు గ్రంథులు గలవు. మూత్రపిండమునకు వృక్కమని పేరగుటచే వీనికి అధివృక్క గ్రంథులను పేరు వచ్చెను. ఇవి ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములుండును. దేహపు పెరుగుదల, బలము, రక్తపుపోటు, సంతానశక్తి, ఆపదవేళ తట్టుకొను ఓర్పు, ఇవన్నియు ఈ చిన్న గ్రంథుల యధీనమున నున్నవి.

ఈ గ్రంథుల నడుమనున్న సంబంధము చెడినపుడు మనుష్యుని రూపమే మాఱిపోవును. ఆ మార్పును గుర్తించి, దాని మూలము తలలోని ఆ శనగగింజంత గ్రంథియం దుండవచ్చునని 1932లో లోకమునకు తెలిపినవాడు అమెరికా దేశపు శస్త్రవైద్యుడు హార్వీ కుషింగు. ఈ విషయ మాయనకు ఒక్క దినమున స్ఫురించినది కాదు. మొదటి రోగిని చూచిన పిమ్మట ఇరువది రెండు సంవత్సరములు గడచెను. అంతకాలము ఆ రోగి వృత్తాంతమును కాగితముపై భద్రముగా నుంచుటవలననే తుదకు దాని భావము బోధపడెను. వ్రాసి యుంచుటకును, వ్రాసినదానిని దాచి యుంచుటకును ఎంతటి ఫలము గలదో ఈ చరిత్రమువలన తెలియగలదు. ఆయన తెలిపిన వ్యాధి రూపము నేడు మన పల్లెలలో వేఱొక కారణముచేత కానవచ్చుచున్నది గనుక, ఇది దూరదేశపు కథ యని త్రోసివేయదగినది కాదు.

పూర్వుల యూహలు

పీయూషగ్రంథిని ప్రాచీనులు ఎఱుగకపోలేదు. క్రీస్తుశకము 2వ శతాబ్దమున గేలెన్ అను గ్రీకు వైద్యుడు, మెదడులోని మలినము ఈ మార్గముననే ముక్కులోనికి దిగి చీమిడిగా వెలువడునని తలచెను. లాటిను భాషలో ‘పిట్యూటా’ యనగా శ్లేష్మము; ఆ పేరే గ్రంథికి నిలిచిపోయెను. 17వ శతాబ్దమున శారీరశాస్త్రజ్ఞులు మెదడునుండి ముక్కునకు అట్టి మార్గము లేదని నిరూపించిరి గాని పాత పేరు మాత్రము పోలేదు. చెఱువు పూడి మాయమైనను దాని క్రింది పొలమునకు ఆ చెఱువు పేరే నిలిచియుండు రీతిగా ఇదియు నిలిచెను.

అధివృక్క గ్రంథులను ఇటలీ దేశీయుడగు యూస్టేకియస్ 1563లో వర్ణించెను. పిమ్మట దాదాపు మూడువందల యేండ్లు అవి యెందుకున్నవో చెప్పగలవాడు లేకపోయెను. లండను నగరములోని గైస్ ఆసుపత్రి వైద్యుడు తామస్ ఆడిసన్ 1855లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. అందు పదునొకండుగురు రోగుల వృత్తాంతములు గలవు. నీరసము దినదినము హెచ్చుట, ఆకలి చచ్చుట, దేహము కృశించుట, చర్మము నల్లబడుట ఆ వ్యాధి లక్షణములుగా ఆయన వర్ణించెను. శవపరీక్షలో అధివృక్క గ్రంథులు చెడియుండుట కనబడెను. కొందఱి గ్రంథులను క్షయవ్యాధి తినివేసియుండెను. మఱుసటి సంవత్సరము పారిసులో బ్రౌన్ సెకార్డు జంతువులనుండి ఈ గ్రంథులను తీసివైచి, అవి లేనిచో ప్రాణము నిలువదని చూపెను.

1886లో పారిసునందే పియరీ మారీ యను వైద్యుడు, చేతులు, పాదములు, దవడ అమితముగా పెరిగిపోవు వ్యాధిని వర్ణించి దానికి ఆక్రోమెగలీ యని పేరిడెను. అట్టివారి పీయూషగ్రంథి ఉబ్బి యుండుట క్రమముగా తెలియవచ్చెను. 1905లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు స్టార్లింగు, ఒక అవయవమున పుట్టి, రక్తముతో ప్రయాణము చేసి, మఱియొక అవయవమును పనికి పురికొల్పు ద్రవ్యములకు ‘హార్మోను’ అను పేరు పెట్టెను. గ్రీకు భాషలో ఆ మాటకు పురికొల్పునది యని యర్థము. నాళము లేకయే తమ రసమును నేరుగా రక్తములో కలుపు గ్రంథులు గనుక ఇట్టివానిని వినాళ గ్రంథు లందురు.

ఆడిసన్ చూపినది గ్రంథిరసపు లోటువలన గలుగు వ్యాధి. అది హెచ్చినచో నేమగునో అప్పటికి ఎవ్వరును వ్రాయలేదు. లెక్కపుస్తకమున ఒక వైపు నిండెను. రెండవ వైపు ఖాళీగా నుండెను.

లెక్క విడువని శస్త్రవైద్యుడు

హార్వీ కుషింగు 1869వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన ఒహాయో రాష్ట్రములోని క్లీవులాండు నగరమున జన్మించెను. పదిమంది సంతానములో ఆయన కడగొట్టువాడు. తండ్రియు, తాతయు, ముత్తాతయు వైద్యులే. యేలు విశ్వవిద్యాలయమున 1891లో పట్టము పొంది, 1895లో హార్వర్డు వైద్యకళాశాలలో వైద్యవిద్య ముగించెను.

విద్యార్థిదశలోనే ఒక దుర్ఘటన ఆయనను కలచివైచెను. ఆ కాలమున శస్త్రచికిత్సకు ముందు ఈథరు అను మత్తుమందు ఇచ్చు పని అనుభవము లేని విద్యార్థుల కప్పగించెడివారు. కుషింగు మత్తు ఇచ్చుచుండగా నొక రోగి మరణించెను. ఆయన మిక్కిలి కుమిలిపోయెను. కాని దుఃఖించి యూరకుండలేదు. ఆమరీ కాడ్‌మన్ అను సహపాఠితో కలిసి, మత్తు ఇచ్చునంతసేపు రోగి నాడియు శ్వాసయు ఎట్లున్నవో కొన్ని నిమిషముల కొకసారి గీతల కాగితముపై గుర్తించు పద్ధతిని కల్పించెను. నేడు ప్రతి ఆపరేషను గదిలోను వ్రాయుచున్న మత్తు లెక్కలకు 1894–95 నాటి ఆ పత్రములే మూలము. 1901లో ఐరోపా యాత్ర చేయుచు, ఇటలీలోని పావియా నగరమున రివా-రోచీ యను వైద్యుడు కల్పించిన రక్తపుపోటు కొలుచు పట్టీని చూచి, దానిని అమెరికాలో వ్యాప్తికి తెచ్చెను. మన ఊరి ఆరోగ్య కేంద్రమున నర్సమ్మ భుజమునకు చుట్టు పట్టీయు ఆ వంశములోనిదే.

బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో 1896 నుండి హాల్‌స్టెడ్ అను మహాశస్త్రవైద్యుని కడ ఆయన శిష్యరికము చేసెను. తొందరపడకుండుట, నెత్తురు వృథా పోనీయకుండుట, లోపలి మాంసమును మృదువుగా ముట్టుట ఆ గురువు నేర్పిన మార్గము. అప్పటికి మెదడులోని కంతులను తీయబూనుటకు వైద్యులే జంకుచుండిరి. చికిత్స పొందినవారిలో పెక్కుమంది బ్రదికెడివారు కారు. కుషింగు ఆ మార్గమునే తన జీవితవ్రతముగా గైకొనెను.

1910వ సంవత్సరపు రోగి

1909 మార్చిలో దక్షిణ డకోటా రాష్ట్రమునుండి ఆక్రోమెగలీతో బాధపడుచున్న రైతు యొకడు ఆయన కడకు వచ్చెను. రెండేండ్ల క్రిందట ఆస్ట్రియా వైద్యుడు ష్లోఫర్ చూపిన త్రోవను బట్టి, ముక్కు వెనుకనున్న ఎముకగుండ లోనికి పోయి, కుషింగు పీయూషగ్రంథిలో కొంతభాగమును తీసివైచెను. రైతు కోలుకొని యింటికి పోయెను. ఈ చికిత్సవలన గ్రంథి యుబ్బియుండుటయే ఆ వ్యాధికి హేతువను భావము బలపడెను. పిదప కుషింగు ఆ మార్గమును సవరించి, పై పెదవి క్రిందుగా లోనికి పోవు పద్ధతిని అవలంబించెను. 1910 మొదలు 1925 వఱకు 231 మందికి ఆయన ఈ విధముగా శస్త్రచికిత్స చేయగా, చికిత్సవలన మరణించినవారు నూటికి ఆరుగురికి లోపుగనే యుండిరి. సూక్ష్మజీవులను చంపు మందులు లేని ఆ దినములలో ఇది అద్భుతమే.

1910 డిసెంబరులో ఇరువది మూడేండ్ల యువతి యొకతె ఆసుపత్రికి వచ్చెను. ఆమె ముఖము గుండ్రముగా పూర్ణచంద్రునివలె ఉబ్బి యుండెను. పొట్ట పెరిగి, కాలుసేతులు సన్నగా నుండెను. ఋతువు ఆగిపోయి, రోమములు అసాధారణముగా పెరిగెను. చర్మము పలుచనై, కొంచెము తాకిడికే కమిలిపోవుచుండెను. పొట్టమీద ఊదారంగు చారికలు పడెను. రక్తపుపోటు హెచ్చుగా నుండెను. తలనొప్పి, ఒడలి నొప్పులు, నీరసము ఆమెను వేధించుచుండెను. ఆడిసన్ చూచిన రోగులు కృశించిపోగా, ఈమె ఉబ్బుచుండెను. వారి రక్తపుపోటు పడిపోవునది. ఈమెకు అది హెచ్చుచుండెను.

లోపమే గ్రంథియందున్నది? పీయూషగ్రంథియా, అధివృక్కములా, అండాశయములా? ఆ నాటి పరీక్షలవలన నిశ్చయింప వీలుకాలేదు. 1912లో కుషింగు పీయూషగ్రంథిని గూర్చియు, దాని వికారములను గూర్చియు పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందు సుమారు ఏబదిమంది రోగుల చరిత్రలు గలవు. ఈ యువతి చరిత్రమును గూడ సమగ్రముగా వ్రాసి, ఛాయాచిత్రములతో చేర్చెను. ఒకటికి మించిన గ్రంథుల వికారము కావచ్చునని దానికి తాత్కాలికముగ నొక పేరుపెట్టి, మూలమును తేల్చి చెప్పకయే విడిచెను. తెలియనిదానికి తెలిసినట్లు ముగింపు వ్రాయుటకంటె, పద్దును తెఱచియుంచుటయే మేలని ఆయన తలచెను. ఆ సంయమనమే తరువాత ఫలించెను.

బోస్టను నగరమున ఇరువది యేండ్లు

1912లో ఆయన బోస్టను నగరమునకు పోయి, పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రికి ప్రధాన శస్త్రవైద్యుడును, హార్వర్డునందు ఆచార్యుడును అయ్యెను. 1932 వఱకు ఆ పదవులలో నుండెను. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరి, ఆ హార్వర్డు వైద్యకళాశాలలోనే ఫిస్కే యను శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఒకరు మెదడును, ఒకరు రక్తపు బొట్టును శోధించిరి గాని, కొలిచి వ్రాయనిదే నమ్మరాదను ధర్మ మిరువురికి నొక్కటియే.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సు దేశపు యుద్ధరంగమున తలగాయములైన సైనికులకు కుషింగు చికిత్స చేసెను. తన గురుతుల్యుడైన విలియం ఆస్లరు జీవితచరిత్రమును రచించి 1926లో పులిట్జరు బహుమానము పొందెను. 1926లోనే బోవీ యను శాస్త్రజ్ఞుడు కల్పించిన విద్యుత్పరికరముతో, తెగిన రక్తనాళములను ఆపుచు శస్త్రచికిత్స చేసెను. 1931 ఏప్రిల్ 15వ తేదీన ఆయన, పరీక్షించి రూఢిచేసిన రెండువేలవ మెదడు కంతికి శస్త్రచికిత్స చేసెను. మెదడు కంతుల శస్త్రచికిత్సలో మరణముల సంఖ్య ఆయన చేతిలో పదింట నొకటికి లోపునకు దిగివచ్చెను.

ఈ పనికంతకు వెనుక నొక గొప్ప లెక్కల కచ్చేరీ గలదు. ప్రతి రోగి వృత్తాంతము, ఛాయాచిత్రము, కుషింగు స్వయముగ గీసిన చిత్రములు, తీసిన కంతి ముక్క, మరణించినచో శవపరీక్ష ఫలితము, అన్నియు ఒకచోట భద్రపఱుపబడెను. ఇంటికి పోయిన రోగులు ఏటేట తమ క్షేమమును జాబు వ్రాసి తెలుపవలెనని ఆయన కోరెడివాడు. లూయీస్ ఐజెన్‌హార్ట్ అను మహిళ మొదట ఆయన కార్యాలయమున సహాయకురాలుగ చేరి, పిదప వైద్యవిద్య నభ్యసించి, కంతుల పరీక్షలో నిపుణురాలై, ఈ లెక్కలకెల్ల అధికారిణి యయ్యెను. ఆమె చిన్న నల్ల పుస్తకమున కంతులన్నిటి పట్టిక యుండెను. కుషింగు కోపిష్ఠి, సహాయకులను కఠినముగ మందలించువాడు అని పేరు గలదు. కాని పుస్తకములోని లెక్కకు తానును తలయొగ్గెడివాడు. రోగి మరణించినపుడు అదియు దాచక వ్రాయించెను.

ఇట్లుండగా ఫిలిప్ స్మిత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలుకల పీయూషగ్రంథిని నేర్పుగా తీసివేయగా, వాని అధివృక్క గ్రంథులును, కంఠమునందలి థైరాయిడు గ్రంథియు, బీజకోశములును ముడుచుకొనిపోవుటను చూపి 1930లో సమగ్రముగా ప్రకటించెను. ఆ గ్రంథి తునకలను మరల ఎలుక దేహమున ఉంచగా ముడుచుకొనినవి పెరిగెను. పీయూషగ్రంథి తక్కిన గ్రంథులకు యజమానియని దీనివలన తెలిసెను.

కుషింగు తన పాత పత్రములను తిరుగవేసెను. 1910 నాటి యువతినిబోలిన రోగులు తన పుస్తకములలోను, ఇతర వైద్యులు ప్రకటించిన పత్రికలలోను కనబడిరి. వారిని ప్రోగుచేయగా పన్నిద్దరైరి. వారిలో శవపరీక్ష జరిగిన పలువురి పీయూషగ్రంథిలో చిన్న కంతులుండెను. కొన్ని మిక్కిలి చిన్నవి, వెదకనిదే కానరానివి. 1932లో ఆయన ఈ పన్నిద్దరి చరిత్రలను జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి పత్రికలో ప్రకటించి, ఈ వ్యాధికి మూలము పీయూషగ్రంథిలోని చిన్న కంతియే కావచ్చునని వాదించెను. వైద్యలోకము దానికి ఆయన పేరే పెట్టి కుషింగు వ్యాధి యనెను. అప్పటి కాయనకు అఱువది మూడేండ్లు.

నీరుగంటియు తూమును

ఈ వాదమును వెంటనే అందఱును అంగీకరింపలేదు. కొందఱు రోగులకు తలలోని గ్రంథి బాగుగానే యుండి, అధివృక్క గ్రంథిలో కంతి కనబడుచుండెను. మఱి యెవరి మాట నిజము? ఈ చిక్కు విడుటకు పల్లె వ్యవసాయములోని యేర్పాటునే పోల్చి చూచిన సులభము.

చెఱువు తూము తెఱచి మూయువాడు నీరుగంటి. పొలమునకు నీరు కావలసినపుడు తెఱచును; పొలము తడిసినదని కబురు రాగానే మూయును. దేహమున పీయూషగ్రంథియే నీరుగంటి. అధివృక్క గ్రంథి తూము. కార్టిసాలు అను హార్మోను నీరు. నీరుగంటి పంపు ఆజ్ఞకు ఏ.సి.టి.హెచ్. అను పేరు గలదు. దానిని 1943లో కాలిఫోర్నియాలో లీ, ఇవాన్సు మొదలగువారును, యేలు విశ్వవిద్యాలయమున సేయర్సు మొదలగువారును శుద్ధముగా వేఱుచేసిరి. రక్తములో కార్టిసాలు చాలినంత యున్నపుడు పీయూషగ్రంథి ఆజ్ఞ తగ్గించును.

నీరుగంటికి మతి చెడి, పొలము మునిగినను తూము తెఱచుచునే యున్నచో అది కుషింగు వ్యాధి. తూమే విఱిగి నీరు తనంతట పాఱినచో అది అధివృక్క గ్రంథి కంతి. ఊపిరితిత్తి మొదలగు తావుల పుట్టు కొన్ని కంతులు నీరుగంటి వేషము వేసి దొంగ యాజ్ఞలు పంపుటయు గలదు. మూడింటియందును పొలము మునుగుట యొక్కటే. అందుచే రోగి రూపమును ఒక్కటే. కనుక ఇరుపక్షముల వారును చూచినది నిజమే. దేహములోనే పుట్టు ఈ వ్యాధులలో దాదాపు మూడింట రెండు వంతులు పీయూషగ్రంథి వలననే కలుగునని పిమ్మట తేలెను. ఏది యే రకమో కనిపెట్టుటకు గ్రాంట్ లిడిల్ అను వైద్యుడు 1960లో ఒక పరీక్షను ప్రకటించెను. డెక్సామిథాసోను అను కృత్రిమ మందు ఇచ్చి, నీరు చాలునని నీరుగంటికి కబురు పంపినట్లు చేయుదురు. పెద్ద మోతాదుకైనను లొంగినచో మూలము ప్రాయికముగా తలలో. ఎంతకును లొంగనిచో వేఱొకచోట.

ముక్కు మార్గపు శస్త్రచికిత్స చరిత్రయు చెప్పుకొనదగినది. కుషింగు 1920ల చివర దానిని విడిచి, కపాలము తెఱచు మార్గమునే చేపట్టగా ఇతరులును దానిని విడిచిరి. ఆయన కడ నేర్చిన నార్మన్ డాట్ మాత్రము స్కాట్లండులో దానిని నిలిపెను. డాట్ కడ ఫ్రాన్సు దేశీయుడు గియో నేర్చెను. గియో కడ కెనడా దేశీయుడు జూల్స్ హార్డీ నేర్చి, 1960లలో సూక్ష్మదర్శిని సాయముతో ఆరోగ్యమగు గ్రంథిని ముట్టక చిన్న కంతిని మాత్రమే తీయు విధమును సాధించెను. నేడు మన దేశపు పెద్ద ఆసుపత్రులలోను ముక్కుగుండనే, తలమీద కత్తిగాటు లేకయే, ఈ చికిత్స చేయుచున్నారు. గురుపరంపర తెగియుండినచో ఈ విద్య మరల మొదటినుండి వెదుకవలసి వచ్చెడిది.

మందువలన వచ్చు చంద్రబింబము

అమెరికాలో మేయో క్లినిక్కున కెండాలు అను రసాయనజ్ఞుడును, స్విట్జర్లండులో రైక్‌స్టైన్ అను వేఱొకడును 1930లలో అధివృక్క గ్రంథి రసములను వేఱుచేసిరి. మేయో వైద్యుడు హెంచ్, కామెర్లు వచ్చిన వాతరోగులకు కీళ్లనొప్పులు తగ్గుటను 1929లోనే గమనించి, దేహములోని యేదో ద్రవ్యము దీనికి కారణమని నమ్మియుండెను. 1948 సెప్టెంబరులో కీళ్లవాతముచే మంచము పట్టిన ఇరువది తొమ్మిదేండ్ల స్త్రీకి కార్టిసోను ఇయ్యగా, కొన్ని దినములలోనే ఆమె లేచి నడచెను. 1950లో ఈ మువ్వురకు నోబెలు బహుమానము వచ్చెను.

కాని నెలల తరబడి ఆ మందు పుచ్చుకొన్న రోగుల ముఖములు గుండ్రముగా ఉబ్బెను, పొట్ట పెరిగెను, చర్మము పలుచనయ్యెను, రక్తపుపోటు, చక్కెర హెచ్చెను, ఎముకలు గుల్లబాఱెను. 1910 నాటి యువతి రూపమే మరల కానవచ్చెను! తూమునుండి కాక, పంపుపెట్టి బయటినుండి నీరు తోడినను పొలము మునుగుట తప్పదు గదా. నేడు లోకమున ఈ చంద్రబింబ ముఖమునకు అన్నిటికంటె సామాన్యమైన కారణము తలలోని కంతి కాదు, స్టెరాయిడు మందులే.

ఈ మందులు ప్రాణదాతలు. ఉబ్బసము ముదిరినపుడు, కొన్ని కీళ్లవాతములకు, మూత్రపిండ వ్యాధులకు, అవయవ మార్పిడి యైనవారికి వీనిని వైద్యులు తగుమోతాదున వాడుదురు. 2020లో ఇంగ్లండున జరిగిన పెద్ద పరీక్షయందు, కరోనా వ్యాధిచే కృత్రిమ శ్వాసపై నున్నవారి మరణములలో మూడవవంతును డెక్సామిథాసోను తగ్గించెను. ఆ మందునే 2021లో మన దేశమున అవసరము లేనిచోట, మోతాదు మించి వాడుటయు, చక్కెర అదుపు తప్పుటయు బ్లాక్ ఫంగసు వ్యాప్తికి తోడ్పడెను. మందు ఒక్కటే, లెక్కయే వేఱు.

పల్లెలలో కీళ్లనొప్పులకు, ఆయాసమునకు పేరులేని పొడులు, పొట్లములలో కట్టిన మాత్రలు ఇచ్చువారు గలరు. మూడు దినములలో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖము నిండుగా కనబడినచో ‘ఒళ్లు చేసినది, మందు మంచిది’ యని సంతోషించుట గలదు. ఆ నిండుదనము ఆరోగ్యము కాకపోవచ్చును. గొంతుకూర్చున్నవాడు చేయూత లేక లేవలేకపోవుట, కొంచెము తాకిడికే ఒడలు కమిలిపోవుట, పొట్టమీద వెడల్పైన ఊదా చారికలు, క్రొత్తగా వచ్చిన రక్తపుపోటు, చక్కెర, ఇవి హెచ్చరికలు.

మఱియొక ముఖ్యవిషయము. పంపు నీరు పాఱుచున్నంతకాలము నీరుగంటికి పనిలేదు. వాడు నిద్రించును, తూము త్రుప్పుపట్టును. అట్లే మాత్రలు చిరకాలము వాడినవారి గ్రంథులు పని మఱచును. భయపడి మాత్రలను ఒక్కసారిగా మానినచో ఆడిసన్ చూపిన లోటు పైబడి, వాంతులు, రక్తపుపోటు పడిపోవుట, స్పృహ తప్పుట, మరణము గూడ సంభవింపవచ్చును. కనుక స్వయముగ మానరాదు. వైద్యుని చెంతకు పోయి క్రమముగా తగ్గించుకొనవలెను. వాడిన మాత్రల అట్టలను, చీటీలను దాచి వైద్యునికి చూపవలెను.

ఇంటి యాడువారి విషయమున ఇంకొక మాట. కాన్పునందు అధికముగా రక్తస్రావమైనపుడు పీయూషగ్రంథి నెత్తురు లేక చచ్చిపోవచ్చునని 1937లో ఇంగ్లండు వైద్యుడు షీహాన్ తెలిపెను. బాలింతకు పాలు పడకుండుట, పిదప ఋతువు రాకుండుట, ఏండ్లతరబడి నీరసము, చలి యోర్వలేకుండుట దాని గుఱుతులు. దీనిని సోమరితనమని నిందించుట యన్యాయము. రక్తపరీక్షవలన తెలియును, మాత్రలవలన నయమగును. ఆడిసన్ చూపిన వ్యాధికి క్షయ నేటికిని మన దేశమున నొక కారణమై యున్నది.

దాచిన పుస్తకములు

కుషింగు 1933లో యేలు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1939 అక్టోబరు 7వ తేదీన గుండెజబ్బుచే మరణించెను. వేలమంది మెదడులు శోధించిన ఆయన మెదడులోనే చిన్న నీటితిత్తి యొకటి యుండుట శవపరీక్షలో కనబడెను.

వైద్యశాస్త్ర ప్రాచీన గ్రంథములను సేకరించుట ఆయనకు జీవితకాలపు ముచ్చట. ముఖ్యముగ 16వ శతాబ్దపు శారీరశాస్త్రజ్ఞుడు వెసేలియస్ గ్రంథముల నెంతయో శ్రమించి కూర్చెను. మిత్రులగు క్లెబ్సు, ఫుల్టను అనువారలను గూడ ఒప్పించి, మువ్వురి పుస్తకములును విడిపోక ఒక్కచోట, చదువరులకు అందుబాటున నుండునట్లు యేలు విశ్వవిద్యాలయమునకు ఒసగు నేర్పాటు చేసెను. 1941లో ఆ గ్రంథాలయ భవనము తెఱవబడెను. నేడది ఆయన పేరుతో నున్నది.

ఆయన రోగుల పత్రములును, గాజుపాత్రలలో నుంచిన మెదడులును ఐజెన్‌హార్ట్ సంరక్షణమున నుండి, ఆమె తరువాత చిరకాలము విద్యార్థుల వసతిగృహపు నేలమాళిగలో మఱపున పడియుండెను. పిదప వానిని శుభ్రపఱచి, 2010లో ఆ గ్రంథాలయముననే ప్రదర్శనశాలగా తెఱచిరి. దుమ్ముపట్టిన గదిలో నున్నదంతయు వ్యర్థమని పాఱవైచి యుండినచో ఆ సంపద తిరిగి లభించెడిది కాదు.

1910లో అర్థముకాని యొక యువతి బాధ 1912లో పుస్తకమున చేరెను, 1932లో అర్థమయ్యెను, నేడు పొట్లపు మాత్రలవలన ముఖముబ్బిన పల్లెవాని ప్రమాదమును గుర్తుపట్టుటకు వైద్యునికి తోడ్పడుచున్నది. పుస్తకము వ్రాసినవానికే తెలియని ప్రశ్నకు, దానిని దాచినవారి చేతిలో సమాధానము దొరకుట గ్రంథాలయమునకు గల మహిమ. ఇరువదియైదేండ్లు పుస్తకములను చెదలనుండి, వాననీటినుండి, మఱపునుండి కాపాడిన గ్రామ గ్రంథాలయము ఆ ధర్మమునే నిర్వహించుచున్నది. దాని బీరువాలలో నేడు ఎవ్వరును తెఱవని పుస్తకము రేపు ఎవ్వరి యింటి దీపమును నిలుపునో చెప్పజాలము. చందాదారులు దానిని చదివి, దాచి, ముందు తరమువారి కందింతురుగాక.